తెల్ల ఎలుక చెప్పని సంగతి

గుండె కండరంలో తయారయ్యే ఒక పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల చేత ఉప్పును బయటికి పంపిస్తుందని 1981లో రుజువైంది. అదే పదార్థం మనిషి ఒంట్లోని కొవ్వును కూడా కరిగిస్తుందని తేలింది మాత్రం 2000లో. ఈ రెంటి మధ్య గడిచిన పంతొమ్మిదేళ్లలో దాని మీద వేలకొద్దీ పరిశోధన వ్యాసాలు వచ్చాయి. దాని నిర్మాణం తెలిసింది, జన్యువు దొరికింది, జపాన్‌లో మందుగానూ వాడుకలోకి వచ్చింది. కొవ్వు కణం మీద దాని ప్రభావం చూడడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. కొవ్వు ముక్క నుంచి కణాలను విడదీసి గాజు పాత్రలో బతికించే పద్ధతిని మార్టిన్ రోడ్‌బెల్ 1964లోనే చూపించాడు. ఆ కణాల మీద హార్మోన్ వేసి, కొవ్వు విడిపోయి ఎంత గ్లిసరాల్ బయటికి వస్తోందో కొలిస్తే సరిపోయేది. సాధనం ఉంది, పదార్థం ఉంది, అడగవలసిన ప్రశ్న కూడా అంత కష్టమైనదేం కాదు. అయినా రెండు దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం ఒక వృత్తి ఆచారం అని నా వాదన. కుమ్మరికి, నేతగాడికి ఉన్నట్టే ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకూ తరతరాలుగా వచ్చే అలవాట్లు ఉంటాయి. గుండెను పంపుగా మాత్రమే చూడడం వాటిలో ఒకటి. ఏ ప్రశ్ననైనా ముందు తెల్ల ఎలుకను అడగడం రెండోది.

మొదటి అలవాటు చాలా పాతది. 1628లో విలియం హార్వే రక్తం గుండె నుంచి ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే చేరుతుందని నిరూపించినప్పటి నుంచి గుండె అంటే రక్తాన్ని నెట్టే కండరమే. ఆ మాట నిజం కూడా కావడంతో ఇంకేమైనా ఉందా అని వెతకాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. ఈ అలవాటు ఎంత బలమైనదో ఎర్నెస్ట్ స్టార్లింగ్ జీవితం చూస్తే తెలుస్తుంది. 1902లో లండన్‌లో ఆయన, విలియం బేలిస్ కలిసి చిన్నపేగు నుంచి వచ్చే సెక్రెటిన్‌ను కనిపెట్టారు. ఒక అవయవం నరాల సాయం లేకుండా, రక్తం ద్వారా మరో అవయవానికి కబురు పంపగలదని దానితో స్పష్టమైంది. అలాంటి పదార్థాలకు హార్మోన్ అనే పేరును 1905లో లోకానికి ఇచ్చింది స్టార్లింగే. తర్వాత ఆయన గుండె మీద దృష్టి పెట్టి, గుండె కండరం రక్తంతో నిండి ఎంత సాగితే అంత బలంగా ముడుచుకుంటుందని 1915లో చేసిన ప్రసంగంలో వివరించాడు. వైద్య విద్యార్థులు నేటికీ దాన్ని స్టార్లింగ్ సూత్రం పేరుతోనే చదువుతారు. గుండె పై గదులు, అంటే కర్ణికలు సాగినప్పుడే హార్మోన్ విడుదలవుతుందని ఇప్పుడు మనకు తెలుసు. హార్మోన్ అనే భావన, సాగడం అనే ప్రేరణ రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. అయినా రెండూ కలవలేదు. ఆయన మేధలో లోపమేం లేదు. జీర్ణాశయం, గ్రంథులు ఒక శాఖగా, గుండె, రక్తనాళాలు మరో శాఖగా అప్పటికే విడిపోయాయి. ఆ గోడకు ఇటూ అటూ పనిచేసిన వ్యక్తికి కూడా మధ్యలో తలుపు ఉండవచ్చని తోచలేదు.

1956లో రెండు ఆధారాలు ఒకేసారి బయటపడ్డాయి. నాజీ జర్మనీ వదిలి అమెరికా చేరిన బ్రూనో కిష్, గినీ పందుల కర్ణికలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరిశీలిస్తూ కండర కణాల్లో నల్లటి చిన్న రేణువులను గమనించాడు. అదే ఏడాది జేమ్స్ హెన్రీ, ఓటో గావర్ బృందం కుక్కల ఎడమ కర్ణికలో బుడగ ఉబ్బించి చూస్తే మూత్రం పెరిగింది. ఒకరు గుండెలో మూటలు చూశారు, మరొకరు గుండె సాగితే మూత్రపిండం స్పందిస్తుందని చూశారు. హెన్రీ, గావర్ దాన్ని నరాల పనిగా వివరించారు. కర్ణిక నుంచి నరం ద్వారా మెదడుకు కబురు వెళ్లి, అక్కడ మూత్రాన్ని ఆపే హార్మోన్ తగ్గుతుందన్నారు. ఆ వివరణలో కొంత నిజం ఉంది కూడా. అయితే వివరణ ఒకటి దొరికాక ఇంకొకటి వెతకాల్సిన తొందర ఎవరికీ లేకపోయింది. 1964లో జేమీసన్, జార్జ్ పలాడే ఆ రేణువులను జాగ్రత్తగా వర్ణించారు. గ్రంథి కణాల్లో ఉండే స్రావ రేణువుల్లాగే ఉన్నాయని, ఎలుకల కర్ణికల్లో ఉన్నాయి గాని కింది గదులైన జఠరికల్లో లేవని చెప్పారు. పలాడేకు కణాల స్రావక్రియ మీద చేసిన కృషికే 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. స్రావం అంటే ఏమిటో ప్రపంచంలో ఆయనకంటే బాగా తెలిసినవారు అరుదు. అలాంటివాడు గుండెలో స్రావ రేణువులు చూశాడు. అయినా ఆ రేణువుల్లో ఏముందో తేలడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

ఇక తెల్ల ఎలుక సంగతి. 1906లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ డొనాల్డ్‌సన్ ఆధ్వర్యంలో ప్రయోగాల కోసమే ఎలుకల పెంపకం మొదలైంది. హెలెన్ డీన్ కింగ్ తరం తర్వాత తరంగా వాటిని పెంచి, ఒకదానికొకటి పోలిన సంతతిని తయారుచేశారు. ఎక్కడ కొన్నా ఒకే రకం ఎలుక దొరుకుతుంది కాబట్టి ఒక ఊళ్లో వచ్చిన ఫలితాన్ని మరో ఊళ్లో సరిచూసుకోవడం సాధ్యమైంది. ఇరవయ్యో శతాబ్దపు శరీరధర్మ శాస్త్రం దాదాపుగా ఆ నమ్మకం మీదే నిలబడింది. ఆ ఎలుక ఇచ్చిన మేలు చిన్నదేం కాదు. ఉప్పు, నీళ్లు మారిస్తే కర్ణిక రేణువులు పెరుగుతాయో తరుగుతాయో 1976లో పారిస్‌లో లెక్కగట్టింది ఎలుకల్లోనే. కెనడాలోని కింగ్‌స్టన్‌లో అర్జెంటీనా నుంచి వచ్చిన అడాల్ఫో డి బోల్డ్ ఏళ్ల తరబడి ఆ రేణువుల వెంటపడి, చివరికి చేసిన ప్రయోగమూ ఎలుకల మీదే. ఎలుక కర్ణికలను నూరి, ఆ సారాన్ని మత్తులో ఉన్న మరో ఎలుక రక్తంలోకి ఎక్కించారు. సోడియం విసర్జన ముప్పై రెట్లకు మించి, మూత్రం పది రెట్లు పెరిగింది. జఠరికల సారానికి ఆ ప్రభావం లేదు. 1981లో డి బోల్డ్, బోరెన్‌స్టైన్, వెరెస్, సోనెన్‌బర్గ్ కలిసి ఈ ఫలితాన్ని ప్రకటించారు. అంత సాదా ప్రయోగంతో అంత పెద్ద సంగతి బయటపడడం వైద్య చరిత్రలో అరుదు.

ఆ తర్వాత అందరూ పరుగెత్తారు. జపాన్‌లోని మియాజాకిలో హిసయుకి మత్సువో, కెంజి కంగావా 1984లో మనిషి గుండె నుంచి 28 అమైనో ఆమ్లాల ఆ హార్మోన్‌ను, అంటే ఏఎన్‌పీని, వేరు చేశారు. 1988లో అదే బృందం పంది మెదడులో దాని తోబుట్టువు బీఎన్‌పీని కనిపెట్టింది. మెదడు పేరే దానికి మిగిలిపోయినా, ఒంట్లో తిరిగే బీఎన్‌పీలో ఎక్కువ భాగం గుండెదే. ఇదంతా జరుగుతున్నప్పుడు ఈ హార్మోన్ మీద పనిచేసినవాళ్లలో అత్యధికులు రక్తపోటు, మూత్రపిండాల వైద్యులు. వాళ్ల ప్రశ్న ఉప్పు, వాళ్ల కొలబద్ద మూత్రం. ఉప్పును బయటికి తోసేది అన్న అర్థం వచ్చే పేరు కూడా దానికి అప్పుడే అంటుకుపోయింది.

కొవ్వు కణాల మీద ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయని ఈలోగా తెలియకపోలేదు. ఇటలీ పరిశోధకులు 1990లలో ఎలుకల కొవ్వులోనూ మనిషి కొవ్వులోనూ వాటి ఆనవాళ్లు చూపించారు. ఈ గ్రాహకాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి హార్మోన్ చెప్పిన పనిని కణం లోపలికి అందిస్తుంది. రెండోది హార్మోన్‌ను మింగేసి నాశనం చేస్తుంది. కొవ్వులో రెండోది విస్తారంగా ఉండడం చూసి, లావుపాటి వాళ్లలో కొవ్వు ఈ హార్మోన్‌ను మింగేయడం వల్ల ఉప్పు నిలిచి రక్తపోటు పెరుగుతుందేమోనని వాళ్లు అనుకున్నారు. చాలా తెలివైన ఊహే అది, ఇప్పటికీ నిలబడింది. అయినా దాని చూపు రక్తపోటు వైపే ఉంది. కొవ్వును ఆ హార్మోన్‌కు శ్మశానంగా చూశారే గాని, హార్మోన్ వచ్చి పనిచేసే చోటుగా ఎవరూ చూడలేదు.

ఆ చూపు మారింది ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో. మాక్స్ లాఫోంటన్, మిషెల్ బెర్లాన్ ప్రయోగశాలకు ఒక ప్రత్యేకత ఉంది. అడ్రినలిన్ కొవ్వు కణం మీద ఎలా పనిచేస్తుందో వాళ్లు ఏళ్ల తరబడి అనేక జంతువుల్లో పక్కపక్కన పెట్టి పోల్చుతూ వచ్చారు. అడ్రినలిన్ విషయంలో ఎలుక కొవ్వు, మనిషి కొవ్వు ఒకేలా ప్రవర్తించవని వాళ్లకు అనుభవంలో తెలుసు. కాబట్టి ఎలుక కాదన్నంత మాత్రాన మనిషీ కాదంటాడని వాళ్లు అనుకోలేదు. కోరలీ సెంజెనెస్ ముందుండి నడిపిన ఆ పని 2000లో వెలువడింది. మనిషి పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాల మీద ఏఎన్‌పీ వేస్తే కొవ్వు విడిపోయి గ్లిసరాల్ బయటికి వచ్చింది. అడ్రినలిన్ జాతి మందుతో సమానంగా వచ్చింది. బీఎన్‌పీ కూడా ఆ పని చేసింది, కొంచెం తక్కువగా. 2002లో అదే బృందం మరో అడుగు వేసింది. మనిషి కొవ్వు కణాలు, మకాక్ కోతి కొవ్వు కణాలు స్పందించాయి. ఎలుక, చుంచెలుక, హామ్‌స్టర్, కుందేలు, కుక్క కణాలు స్పందించలేదు. అంటే ప్రయోగశాలల్లో మామూలుగా దొరికే జంతువులన్నీ ఈ ఒక్క ప్రశ్నకు లేదనే జవాబిస్తాయి. మనిషి, అతని దగ్గరి బంధువు మాత్రమే అవునంటారు. ఉప్పు విషయంలో నిజం చెప్పిన ఎలుక కొవ్వు విషయంలో మౌనంగా ఉండిపోవడానికి కారణం, దాని కొవ్వు కణాల్లో పనిచేసే గ్రాహకం కంటే మింగేసే గ్రాహకం చాలా ఎక్కువ కావడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. విజ్ఞానం ఎప్పుడూ ఇలాగే మెట్టుమెట్టుగా నడుస్తుంది, ముందు హార్మోన్ దొరకాలి, తర్వాత నిర్మాణం తెలియాలి, తర్వాతే ఇతర పనులు, దీనికి ఆచారాన్ని నిందించడం ఎందుకు అని. క్రమం అవసరమే. కానీ ఏఎన్‌పీ 1980ల నడిమికే తయారైన పదార్థంగా చేతికి వచ్చింది. మనిషి కొవ్వు కణాల మీద ఇతర హార్మోన్లను పరీక్షించడం అప్పటికే అనేక చోట్ల రోజువారీ పని. ఈ రెండింటినీ కలపడానికి ఎదురుచూడవలసిన మెట్టు మధ్యలో ఏదీ లేదు. మధ్యలో ఉన్నది ఎలుక లేదని చెప్పిన జవాబు, ఇది ఉప్పు హార్మోన్ అన్న నమ్మకం. మరో ఆక్షేపణ ఇంకా బలమైనది. ఎలుక, చుంచెలుక లేకపోతే ఆధునిక జీవక్రియ శాస్త్రమే లేదు గదా, 1994లో జెఫ్రీ ఫ్రైడ్‌మన్ లెప్టిన్ అనే హార్మోన్‌ను పట్టుకున్నది చుంచెలుకల్లోనే గదా అని. నిజమే. ఆ లెప్టిన్ కథే నా వాదనకు రెండో వైపు సాక్ష్యం. లెప్టిన్ లేని చుంచెలుకకు లెప్టిన్ ఇస్తే చిక్కిపోయింది, దానితో మనిషి ఊబకాయానికి మందు దొరికిందన్న ఆశ ప్రపంచమంతా పాకింది. తీరా చూస్తే లావుగా ఉన్న మనుషుల్లో ఎక్కువమందికి లెప్టిన్ లేకపోవడం అటుంచి ఎక్కువే ఉంది, ఆ మందు పనిచేసింది పుట్టుకతో లెప్టిన్ లేని అతి కొద్దిమందిలో. ఒకచోట జంతువు అవునంటే మనిషి కాదన్నాడు, మరోచోట జంతువు కాదంటే మనిషి అవునన్నాడు. తప్పు జంతువుది కాదు, దాని జవాబును అంతిమ తీర్పుగా తీసుకున్న అలవాటుది.

ఈ పని వెనకున్న యంత్రాంగం తెలిశాక, అది మనిషిలో ఎందుకుందో కొంత అర్థమవుతుంది. అడ్రినలిన్ కొవ్వు కణంలోపల సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచి, కొవ్వును విడగొట్టే ఎంజైమ్‌ను లేపుతుంది. భోజనం తర్వాత వచ్చే ఇన్సులిన్ ఆ అణువును తగ్గించి ఎంజైమ్‌ను మళ్లీ పడుకోబెడుతుంది. గుండె హార్మోన్ దారి వేరు. అది సైక్లిక్ జీఎంపీ అనే మరో అణువు ద్వారా అదే ఎంజైమ్‌ను లేపుతుంది, ఆ దారికి ఇన్సులిన్ అంతగా అడ్డుపడలేదు. మనిషి పరుగెత్తినప్పుడు గుండెకు తిరిగొచ్చే రక్తం పెరిగి కర్ణికలు సాగుతాయి, ఏఎన్‌పీ పెరుగుతుంది, కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. వ్యాయామం చేసేవారికి ముందుగా బీటా బ్లాకర్ ఇచ్చి అడ్రినలిన్ దారి మూసినా కొవ్వు కదలడం ఆగలేదని టూలూజ్ బృందం 2004లో చూపింది. ఏఎన్‌పీ మరింత పెరిగి ఆ పని చేసింది. గుండె తన శక్తిలో అధిక భాగం కొవ్వు ఆమ్లాల నుంచే తీసుకుంటుందని గుర్తు చేసుకుంటే, పని పెరిగినప్పుడు తనకు కావలసిన ఇంధనాన్ని తానే తెప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది. పరిణామ క్రమంలో కోతులు, మనుషుల్లోనే ఇది ఎందుకు బలపడిందన్నది మాత్రం ఇంకా తెరిచి ఉన్న ప్రశ్నే.

మరి ఊబకాయంతో దీనికి సంబంధం ఏమిటి? 2004లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం నుంచి థామస్ వాంగ్ బృందం గుండె వైఫల్యం లేని 3,389 మందిని పరిశీలించింది. లావు పెరిగేకొద్దీ రక్తంలో బీఎన్‌పీ తగ్గుతూ వచ్చింది. మగవారిలో సగటున సన్నవారికి 21.4, అధిక బరువు వారికి 15.5, ఊబకాయులకు మిల్లీలీటరుకు 12.7 పికోగ్రాములు. ఇది ఎదురుచూసిన దానికి పూర్తిగా వ్యతిరేకం. లావు మనిషి గుండె ఎక్కువ రక్తాన్ని నెట్టాలి, ఎక్కువ సాగాలి, హార్మోన్ ఎక్కువ రావాలి. తక్కువే వస్తోంది. దీన్ని చూసి, హార్మోన్ తక్కువ కావడం లావు వల్ల వచ్చిన ఫలితమే, లావుకు కారణం కాదు అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో పస ఉంది. బేరియాట్రిక్ శస్త్రచికిత్సతో బరువు తగ్గినవారిలో ఈ హార్మోన్లు పెరుగుతాయి, కాబట్టి లావు వాటిని అణచివేస్తుందన్నది ఖాయం. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండడం, కొవ్వులో మింగేసే గ్రాహకం పెరగడం ఈ అణచివేతకు తోడవుతున్నాయి. కానీ బాణం రెండో వైపుకూ ఉందనడానికి ఆధారం జన్యువుల నుంచి వచ్చింది. ఏఎన్‌పీ జన్యువు దగ్గర ఒక చిన్న మార్పుతో పుట్టినవారికి జీవితాంతం ఆ హార్మోన్ కాస్త ఎక్కువగా ఉంటుంది. మినెసోటాలోని ఓమ్‌స్టెడ్ కౌంటీ వాసుల్లో ఆ మార్పు ఉన్నవారికి బరువు సూచిక, నడుము చుట్టుకొలత తక్కువగా ఉన్నాయని 2011లో తేలింది. పుట్టుకతో వచ్చిన జన్యువును తర్వాత పెరిగిన లావు మార్చలేదు గదా. అందువల్ల లావు హార్మోన్‌ను తగ్గించడం, తగ్గిన హార్మోన్ కొవ్వును కదలనివ్వకపోవడం ఒకదాన్నొకటి పెంచుకునే చక్రమని నమ్మడానికి గట్టి కారణమే ఉంది.

ఆసక్తికరమైన విషయం, ఈ దశలో చుంచెలుక మళ్లీ ప్రయోగశాలలోకి సగౌరవంగా తిరిగొచ్చింది. బీఎన్‌పీ ఎక్కువగా తయారయ్యేలా మార్చిన చుంచెలుకలకు కొవ్వు తిండి పెట్టినా అంతగా లావెక్కలేదని 2009లో జపాన్‌లో మియాషితా బృందం చూపింది. 2012లో షీలా కాలిన్స్, మారికా బోర్డిక్కియా బృందం మింగేసే గ్రాహకం జన్యువును తీసేసిన చుంచెలుకలను పరిశీలించింది. వాటిలో కొవ్వు తగ్గింది, మామూలు తెల్ల కొవ్వు వేడి పుట్టించే గోధుమ కొవ్వు లక్షణాలు తెచ్చుకుంది. మామూలు చుంచెలుకలను చలిలో ఉంచితే వాటిలో కూడా గుండె హార్మోన్లు పెరిగాయి. అదే ఏడాది మనుషుల్లో ఈ హార్మోన్లు కండరాలు కొవ్వును కాల్చే శక్తిని పెంచుతాయని ఎంగెలీ బృందం చెప్పింది. మనిషి నుంచి ప్రశ్న పుట్టాక, అడ్డుగా ఉన్న గ్రాహకం ఏదో తెలిశాక, దాన్ని తొలగించిన జంతువు నిజమే పలికింది. జంతువును వదిలేయాలని నేను అనడం లేదని ఇక్కడ స్పష్టం చేయాలి. వరస తిరగబడడమే ఇందులో కీలకం.

అన్నిటికంటే కష్టమైన ఆక్షేపణ మందుల నుంచి వస్తుంది. ఈ హార్మోన్ అంత కొవ్వు కరిగిస్తే దాన్ని పెంచే మందులతో జనం సన్నబడాలి గదా? నెసిరిటైడ్ పేరుతో బీఎన్‌పీని అమెరికాలో 2001 నుంచి గుండె వైఫల్య రోగులకు ఇచ్చారు. 7,141 మందితో జరిపిన పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు లేదని 2011లో తేలింది. అది కొద్ది గంటలు, రోజులు మాత్రమే నరంలోకి ఎక్కించే మందు కాబట్టి కొవ్వు గురించి అది ఏమీ చెప్పలేదు. 2015లో అనుమతి పొందిన సాకుబిట్రిల్ కలిసిన మాత్ర వేరు. గుండె హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను అది ఆపుతుంది, రోజూ వేసుకునే మాత్ర. అధిక రక్తపోటుతో పాటు ఊబకాయం ఉన్నవారికి ఎనిమిది వారాలు ఇస్తే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. మధుమేహం ఉన్న గుండె రోగుల్లో చక్కెర కాస్త అదుపులోకి వచ్చింది, కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టాల్సినవారి సంఖ్య తగ్గింది. కానీ బరువు తగ్గించే మందుగా అది రుజువు కాలేదు. ఈ ఫలితాన్ని దాచి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ఆ ఎంజైమ్ ఒక్క గుండె హార్మోన్‌నే విరగ్గొట్టదు, ఇంకా అనేక పదార్థాలను విరగ్గొడుతుంది కాబట్టి దాన్ని ఆపితే వచ్చే ఫలితం గుండె హార్మోన్ ఒక్కదానిదే అనలేం. పైగా కొవ్వు కణం నుంచి విడుదలైన కొవ్వు ఆమ్లాలు కాలిపోకపోతే తిరిగి ఎక్కడో ఒకచోట చేరతాయి. కరిగించడం వేరు, ఖర్చు చేయడం వేరు. గుండె హార్మోన్ ఊబకాయానికి మందు అని చెప్పే రోజు రాలేదు. మనిషి కొవ్వును ఎలా వాడుకుంటాడన్న లెక్కలో గుండెకు వాటా ఉందన్నంత వరకు మాత్రం సందేహం లేదు.

ఆ వాటాను విస్మరిస్తే జరిగే నష్టం ఆసుపత్రిలో ఇప్పుడే కనిపిస్తుంది. ఆయాసంతో వచ్చిన వ్యక్తికి గుండె వైఫల్యం ఉందో లేదో తేల్చడానికి బీఎన్‌పీ, ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ రక్తపరీక్షలను హైదరాబాద్‌, విజయవాడల్లోనూ మామూలుగా రాస్తున్నారు. అంకె ఒక హద్దు కంటే తక్కువ వస్తే గుండె బాగానే ఉందని భావిస్తారు. లావుగా ఉన్నవారిలో గుండె దెబ్బతిన్నా ఆ అంకె అంతగా పెరగకపోవచ్చు. అందుకే ఊబకాయుల విషయంలో తక్కువ హద్దునే పాటించాలని గుండె వైద్య నిపుణులు సూచిస్తున్నారు. మన దేశంలో ఊబకాయాన్ని బరువు సూచిక 30 నుంచి కాక 25 నుంచే లెక్కించాలని 2009లో భారతీయ నిపుణులు నిర్ణయించారు. మన వాళ్లలో తక్కువ బరువుకే పొట్ట కొవ్వు, మధుమేహం రావడమే దానికి కారణం. కాబట్టి పాశ్చాత్య లెక్కలో కాస్త లావుగా మాత్రమే కనిపించే ఒక తెలుగు మనిషి ఆయాసపడుతూ వచ్చినప్పుడు, కాగితం మీద తక్కువగా ఉన్న అంకె నిజంగా గుండె బాగుండడం వల్ల తగ్గిందా, పొట్ట కొవ్వు వల్ల తగ్గిందా అని వైద్యుడు తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబివ్వగల హద్దులు మన జనాభాలోనే కొలిచి నిర్ణయించవలసినవి.